మా ఇంట్లో లేని పనిమనిషి

కొత్త ఇంటి హాల్లో, రంగులతో రాయించిన తాత పటాన్ని బాగు చేయించి పెట్టానని మా సీనన్న ఫోన్ చేస్తే నేను ఆ రోజే బస్సెక్కాను. తాత ముఖం చూడాలని కాదు. తాత ముఖంతో నాకు ఎప్పుడూ పెద్దగా అవసరం పడలేదు. ఆ పటంలో ఎడమ పక్కన, కుర్చీ వెనక, ఇత్తడి చెంబు పట్టుకుని నిలబడిన మనిషి మా అమ్మ. మా అమ్మకు ఫోటో లేదు. బతికి ఉండగా ఎవరికీ తీయాలని తోచలేదు. నేను బడి ముగించక ముందే ఆమె పోయింది. ఆమె ముఖం ఈ లోకంలో మిగిలింది ఆ ఒక్క చోటే, అదీ ఇంకొకరి పటంలో ఒక మూల. సీనన్న మా పెదనాయన కొడుకు. పటం పెద్ద కొడుకు వంతుకు పోయింది కాబట్టి మా అమ్మ ముఖం కూడా వాళ్ళ వంతుకే పోయింది. ఎన్నో ఏళ్ళు అది వాళ్ళ అటక మీద గోనెపట్టాలో చుట్టి పడి ఉండేది. నేను అడిగినప్పుడల్లా "దింపుదాములేమ్మా" అనేవాడు. ఆ దింపడం ఇన్నాళ్ళకు జరిగింది.

హాల్లోకి పోగానే కనబడేలా పెట్టాడు. పైనుంచి పటం మీదికి మాత్రమే పడే దీపం ఒకటి. కొత్త చట్రం, బంగారు రంగు. తాత కోటు వేసుకుని, చేతికర్ర పట్టుకుని, బూట్ల కాళ్ళు ముందుకు చాపి కుర్చీలో కూర్చుని ధగధగ మెరుస్తున్నాడు. వెనక స్తంభం, ఎర్ర తెర, అన్నీ కడిగినట్టు ఉన్నాయి. మా అమ్మ ఉండాల్సిన చోట సన్నటి బల్ల మీద ఒక పూలకుండీ ఉంది. గులాబీలు.

"ఏమన్నా, ఈడ ఒక మనిషి ఉండె కదా?" అన్నాను.

"ఎవురు, ఆ పనామెనా? తీసెయ్యమని చెప్పినాలేమ్మా. పొగ పట్టి, నల్లగా అయిపోయి, చూసేదానికి అసింగంగా ఉండె. ఇప్పుడు చూడు, ఎంత నీట్‌గా ఉండాదో!"

సోఫాలో వాళ్ళ అమ్మాయి నిత్యకు కాబోయే అత్తగారు, మామగారు కూర్చుని ఉన్నారు. వాళ్ళు పటాన్ని చూసి తలలు ఊపుతున్నారు. నా చేతిలో ఎవరో సాత్తుకుడి పళ్ళ రసం గ్లాసు పెట్టారు. తాగాను.

పనామె అనే మాట విన్నాక, మా ఇంట్లో పనిమనిషి ఎప్పుడూ లేదని చెప్పాల్సిన బాధ్యత నా మీద పడింది. తమిళనాట ధర్మపురి నుంచి పెన్నాగరం పోయే దారిలో మా ఇల్లు. చింతపండు వ్యాపారం, కొంచెం మెట్ట పొలం. ఎండలు మొదలయ్యే మాసి, పంగుని నెలల్లో ఇంటి నిండా చింతపండు పులుపు వాసన, గింజలు కొట్టే సుత్తుల చప్పుడు. ఆ సుత్తులు పట్టింది ఇంటి కోడళ్ళే. రాగులు విసిరింది వాళ్ళే, గొడ్లకు కుడితి పెట్టింది వాళ్ళే, నీళ్ళు తోడింది వాళ్ళే. కూలికి మనిషిని పెడితే కూలి ఇవ్వాలి. కోడలికి ముద్ద పెడితే చాలు. ఇది మా తాత కనిపెట్టిన ఆర్థికశాస్త్రం. తరవాత నేను గ్రంథాలయంలో ఆర్థికశాస్త్రం పుస్తకాలు కొన్ని చదివాను. తాత చెప్పినంత స్పష్టంగా ఎవరూ రాయలేదు.

తాత పెద్దమనిషి కాదు. పెద్దమనిషిలా కనబడాలని జీవితమంతా కష్టపడిన మనిషి. తెల్లారి వంటింట్లో పీట మీద కూర్చుని, ఉల్లిపాయ కొరుక్కుంటూ రాగి గంజి తాగేవాడు. అది తాగి, మూతి తుడుచుకుని, బయట అరుగు మీదికి వచ్చి వెండి గ్లాసులో కాఫీ తెమ్మని గట్టిగా కేకేసేవాడు. ఆ కాఫీ ఆయనకు పడేది కాదు, కడుపులో మంట. అయినా బస్సు వచ్చి పోయే దాకా ఆ గ్లాసు చేతిలో ఉండాల్సిందే. ధర్మపురి సంతకు నడిచి పోయేటప్పుడు చెప్పులు అరుగుతాయని చేత పట్టుకుని పోయి, ఊరి మొదట్లో వేసుకునేవాడు. ఇంటికి రాగానే వాకిట్లో నిలబడి దగ్గేవాడు. ఆ దగ్గుకు ఎవరో ఒక కోడలు చెంబుతో నీళ్ళు తెచ్చి కాళ్ళ మీద పోయాలి. చెంబు రావడం ఆలస్యమైతే రెండో దగ్గు వచ్చేది. మూడో దగ్గు నేను వినలేదు.

పటం కోరిక ఆయనకు కడత్తూరులో పుట్టింది. మా పెద్దమ్మ పుట్టిల్లు అక్కడ, బట్టల అంగడి వాళ్ళు. ఒక పెళ్ళికి పోయినప్పుడు వాళ్ళ నాయన రంగుల పటం చూశాడు. కోటు, కుర్చీ, స్తంభం, తెర. అన్నిటికంటే మించి వెనక ఒక పనివాడు విసనకర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. తాతకు అన్నం సయించలేదు. ఇంటికి వచ్చి అవ్వతో అన్నాడు, "వానికి ఇసనకర్ర పట్టే మనిషి ఉండాడంట. నాకు నీళ్ళిచ్చే మనిషి ఉండకూడదా?"

"ఎవుడొద్దన్నాడు? పెట్టుకో. కూలి నువ్వే ఇచ్చుకో," అంది అవ్వ.

"పటంలో పెట్టుకుంటే కూలి ఎందుకే?" అన్నాడు తాత.

సేలం పక్కనుంచి ఒక చిత్రకారుడు వచ్చాడు. నాటకాల తెరలు, అంగళ్ళ బోర్డులు రాసే మనిషి. పెద్ద ఇళ్ళకు పటాలు రాయడం ఆయన పక్క వ్యాపారం. బస్సు మీద నుంచి దించిన గుడ్డ చుట్ట విప్పి గోడకు ఆనించాడు. మేమంతా చూస్తూ నిలబడ్డాం. కోటు ఉంది, కుర్చీ ఉంది, చేతికర్ర ఉంది, బూట్లు ఉన్నాయి, తెర, స్తంభం అన్నీ ఉన్నాయి. తలకాయ మాత్రం లేదు. మెడ పైన తెల్లగా గుడ్డ. తాత ఫోటో చూసి ఆ తెల్ల చోట తాత తల రాస్తాడట. తాత జీవితంలో కోటు వేసుకోలేదు, బూట్లు తొడగలేదు. ఆ ఒళ్ళు ఎవరిదో. మా తాతకు అప్పటికే తల ఉంది కాబట్టి తెచ్చుకున్న ఒళ్ళుకు అతికించుకుంటే సరిపోయింది. ఆ వేసవిలోనే పెద్దమ్మతో కడత్తూరు పోయినప్పుడు అక్కడి గోడ మీద అదే ఒళ్ళు చూశాను. అదే కోటు, అదే చోట ఊడిపోయిన గుండీ. "పెద్దమ్మా, మా తాత కోటు మీ నాయన వేసుకున్నాడే!" అని అరిచాను. పెద్దమ్మ నా తొడ మీద గిల్లిన గిల్లు వారం దాకా నల్లగా ఉంది. ఆ చుట్టుపక్కల ఎన్ని పెద్ద ఇళ్ళలో ఆ ఒక్క ఒళ్ళు కూర్చుని ఉందో నాకు తెలియదు. అందరూ ఒకే కోటులోంచి తలలు బయటపెట్టి ఒకరినొకరు చూసి కుళ్ళుకున్నారు.

తల రాయడం అయ్యాక చిత్రకారుడు, "పనిమనిషిని పిలవండి సామీ, నిలబెట్టి రాసుకుంటా," అన్నాడు. తాత గాదె వైపు చూశాడు. అవ్వ తాత వైపు చూసింది. తాత లోపలికి తల తిప్పి, "ఎవురైనా ఒకరు రండే!" అని కేకేశాడు.

"నాకు నడుం నొప్పి మామా, నిలబడలేను," అని పెద్దమ్మ లోపలి నుంచే చెప్పింది. చెప్పి, ఉట్టి మీద కుండ దించుకుంది. కడత్తూరు అంగడి వాళ్ళ పిల్లను పనిమనిషిగా నిలబెట్టే ధైర్యం తాతకు లేదని అందరికీ తెలుసు. మిగిలింది మా అమ్మ. పెన్నాగరం అవతల మేకలు మేపుకునే ఇంటి పిల్ల. పేరు నాగమ్మ. ఆమె అప్పుడు చింతపండు దగ్గర కూర్చుని ఉంది. చేతులు కడుక్కుని లేచింది. ఎంత కడిగినా ఆ నెలల్లో ఆమె వేళ్ళ నలుపు పోయేది కాదు.

అవ్వ ఆమెను పైనుంచి కిందికి చూసింది. "చిన్నదానా, ఆ కమ్మలు తీసి పెట్టి పో. కమ్మలుంటే పనిమనిషి అని ఎవురు నమ్ముతారు?"

ఆ కమ్మలు ఆమె పుట్టింటి వాళ్ళు మేకలమ్మి చేయించినవి. అమ్మ తీసింది. తీసి, "మెట్టెలు కూడా తియ్యాల్నా అత్తా?" అని అడిగింది.

"నోరు కాలిపోను! నా కొడుకు బతికి ఉండాడే!"

"ఉండాడా? కనబళ్ళేదే, అందుకే అడిగితిని," అంది అమ్మ.

మా నాయన ఆ సమయంలో గొడ్లసావిడిలో ఉన్నాడు. బయటికి రాలేదు. మా నాయన ఏమన్నాడని అడగవద్దు. మా నాయన ఏమీ అనకుండా పుట్టి, ఏమీ అనకుండా పోయిన మనిషి.

కమ్మల రంధ్రాలు పూడిపోకుండా అమ్మ వేపపుల్లలు పెట్టుకుంది. చెంబు పట్టుకుని, చిత్రకారుడు చెప్పినట్టు కొంచెం వంగి నిలబడింది. రోజూ మధ్యాహ్నం, వంట అయ్యాక, గొడ్లకు నీళ్ళు పెట్టక ముందు. నేను చిత్రకారుని రంగు గిన్నెల పక్కనే కూర్చునేదాన్ని. రంగుల్లో కలిపే లిన్సీడ్ నూనె వాసన, చింతపండు వాసన కలిసి తలనొప్పిగా ఉండేది. ఆయన చూడనప్పుడు అమ్మ నాకు నాలుక చాపి చూపించేది. ఆయన చూస్తే ఊరకుండేది. మొదటి రోజు తరవాత ఆయన చూడటం ఎక్కువైంది. మిగతా పటమంతా ఆయన ఎప్పుడో ఎక్కడో టోకుగా రాసి పెట్టుకున్నది. తాత తల ఫోటోలోంచి ఎత్తి పెట్టినది. ప్రాణం ఉన్న మనిషిని ఎదురుగా పెట్టుకుని రాసింది అమ్మను మాత్రమే. వేళ్ళ నలుపు రాశాడు, చెవిలో వేపపుల్ల రాశాడు, నవ్వు ఆపుకుంటున్నప్పుడు ఆమె కింది పెదవి ఒక పక్కకు పోవడం రాశాడు.

తాతకు విసుగొచ్చింది. "ఏమయ్యా, నా మొగం ఒక పూటలో ముగించినావు. దాని మొగానికి ఇన్ని దినాలా?"

"మీ మొగం సుళువు సామీ," అన్నాడు ఆయన కుంచె తుడుచుకుంటూ. తాత దాన్ని పొగడ్త అనుకుని సంతోషపడ్డాడు.

పటం అరుగు లోపలి గోడకు ఎక్కింది. వచ్చిన ప్రతి వాడికీ తాత చూపించేవాడు. చింతపండు కొనే వాళ్ళు, రెవిన్యూ వాళ్ళు, ఓట్లు అడిగే వాళ్ళు, అందరికీ. "వెనక ఉండేది మా పనిమనిషి," అనేవాడు. ఒకాయన పేరు కూడా అడిగాడు. తాత ఒక్క నిమిషం తడబడి, "ముని," అన్నాడు. సరిగ్గా అప్పుడే అమ్మ కాఫీ తెచ్చి ఆ పెద్దమనిషి ముందు పెట్టింది. పటంలోకి కళ్ళు పెట్టి చూస్తున్న ఆయన కాఫీ తెచ్చిన మనిషి ముఖం చూడలేదు. గ్లాసు మాత్రం చూశాడు, వెండిదా కాదా అని. అట్లా ఎన్నేళ్ళు జరిగినా ఒక్కరంటే ఒక్కరు పోల్చుకోలేదు. అమ్మ లోపలికి వచ్చి, "ఈ దినం కూడా మునికి కూలి ఇయ్యలేదు," అని నాతో అనేది.

ఆమె పోయాక నా చదువు ఆగింది. చదువు ఆగింది గానీ చదవడం ఆగలేదు. ధర్మపురి గ్రంథాలయంలో నేను చదవని అర లేదని చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. తమిళం బడిలో వచ్చింది. ఇంట్లో మాట్లాడే తెలుగుకు అక్షరాలు ఉన్నాయని తెలిసి, మూలన దుమ్ము కొట్టుకుని ఉన్న వాచకంతో నేనే నేర్చుకున్నాను. ఇంగ్లీషు నిఘంటువు పక్కన పెట్టుకుని కూడబలుక్కున్నాను. ఆ అరల్లోనే ఒకనాడు పెద్ద బొమ్మల పుస్తకం దొరికింది. చలిదేశాల దొరల ఇళ్ళలో వేసుకున్న పటాలు. తిప్పుతూ పోతే మా స్తంభం కనబడింది. మా ఎర్ర తెర కనబడింది. కాలు ముందుకు చాపి, చేతికర్ర పట్టుకుని, లోకమంతా తన వాకిట్లో దగ్గుకు ఎదురు చూస్తున్నట్టు కూర్చున్న మనిషి. వెనక చీకట్లో, సగం చట్రం బయటికి పోతూ, నీళ్ళ కూజా పట్టుకున్న ఆడమనిషి. కింద దొర పేరు, ఆయన బిరుదులు, ఆయన కుక్క పేరు కూడా రాసి ఉన్నాయి. ఆమెకు పేరు లేదు. సముద్రాల అవతల ఎవడో దొర ఎవడి దగ్గరో అరువు తెచ్చుకున్న భంగిమ అది; ఆ దొరలను చూసి మన రాజులు, రాజులను చూసి మిట్టాదారులనే చిన్న జమీందారులు, వాళ్ళను చూసి కడత్తూరు అంగడి వాళ్ళు, వాళ్ళను చూసి మా తాత. పైనుంచి కింది దాకా ఒకరి ఎంగిలి ఒకరు.

మరి కొన్ని పేజీలు తిప్పితే దొరలు మన దేశానికి వచ్చి రాయించుకున్న బొమ్మలు. నీళ్ళు మోసేవాడు, చాకలి, వంటమనిషి. ఒక్కొక్కరు ఒక్కొక్క కాగితం మీద, పని పేరుతో, పూలమొక్కలకు పేర్లు రాసినట్టు. ఇంకొన్ని పేజీల తరవాత, పొలంలో వంగి పనిచేసే ఆడవాళ్ళ బొమ్మలు. అవి వేలాడింది పొలం దున్నే ఇళ్ళలో కాదు, వాళ్ళ పంట తినే ఇళ్ళలోనట. ఆ పుస్తకం నాకు ఒక సంగతి నేర్పింది. యజమాని ముఖం ఎప్పుడూ చెప్పి రాయించుకున్నది, అందుకే చచ్చి ఉంటుంది. మూలనున్న మనిషి గురించి ఎవరూ ఏమీ చెప్పరు కాబట్టి చిత్రకారుడు అక్కడ నిజం రాసుకుంటాడు. మా ఇంటి పటం గురించి నాకు కళ్ళతో తెలిసినదే అది. పుస్తకంలో చూశాక పేరు పెట్టగలిగాను.

సీనన్న ఇంట్లో భోజనాల గదికి పోయాక ఇవన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఆ గది గోడ మీద మనిషెత్తు పటం ఒకటి, బెంగళూరులో కొన్నదట. ముగ్గురు పల్లె ఆడవాళ్ళు, నడుముల మీద బిందెలు, చేపల్లాంటి కళ్ళు. ముఖాలు ముగ్గురికీ ఒకటే. "ట్రెడిషనల్‌గా ఉండాదని తెచ్చినా," అని సీనన్న వియ్యంకులకు చెబుతున్నాడు. హాల్లో చెంబు పట్టుకున్న సొంత చిన్నమ్మను తుడిపేసి, భోజనాల గదిలో బిందెలు పట్టుకున్న ఎవరో ముగ్గురిని కొని పెట్టుకున్నాడు. వాళ్ళు నీళ్ళు ఎవరికీ ఇవ్వరు, ఏమీ అడగరు, గోడ రంగుకు సరిపోతారు.

భోజనం వడ్డించింది మాత్రం నిజమైన పనిమనిషి. వత్తల్‌మలై కొండ మీది ఊరి మనిషి. తిన్నాక అందరూ ఫోటోకు నిలబడ్డారు. ఆమె ఎవరూ చెప్పకుండానే చేతిలోని పళ్ళెంతో పక్కకు జరిగింది. ఆమెకు అలవాటైపోయింది. మా తాతకు లేని పనిమనిషిని చూపించుకోవాలి. ఆయన మనవడికి ఉన్న పనిమనిషిని దాచుకోవాలి. మధ్యలో ఇంత కాలం గడిచి, దేశమంతా మారిపోయి, మా వంశానికి దక్కిన అభివృద్ధి ఇది.

వియ్యంకులు చేతులు కడుక్కోవడానికి పోయినప్పుడు సీనన్నను పట్టుకున్నాను.

"అన్నా, ఆ పనామె పేరేమి తెలుసునా నీకు?"

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఇప్పుడెందుకమ్మా ఆ కత? నాకు తెలీదా? చిన్నమ్మే కదా. ఆ చేతి ముద్ద తిని పెరిగినోణ్ణి."

"తెలిసే తీసేస్తివా?"

"తెలిసింది కాబట్టే తీసినా. సంబందులు అడిగితే ఏమని చెప్పేది? పనిమనిషి అంటే అబద్ధం. చిన్నమ్మ అంటే, ఇంటి కోడలికి కమ్మలు తీసి చెంబు చేతికిచ్చినారా అంటారు. పూలకుండీ అయితే ఎవురూ ఏమీ అడగరు."

ఆ వంశంలో నేను విన్న నిజాయితీ మాట అదొక్కటే. దాన్ని కూడా గుసగుసగానే చెప్పాడు.

"పాతదాన్ని ఏమి చేసినారు? కత్తిరించినారా?"

"లేదు లేదు, దాని మీదనే రాసినారు. అడుగున ఉండాదిలే," అన్నాడు, నన్ను ఓదారుస్తున్నట్టు.

నేను హాల్లోకి పోయి ఆ గులాబీల ముందు నిలబడ్డాను. రంగు దట్టంగా ఉంది. కింది పెదవి ఎక్కడ ఉండేదో వెతికాను. చెవి ఎక్కడ ఉండేదో వెతికాను. ఏమీ కనబడలేదు. కన్నీళ్ళు రాలేదు. నాకు వచ్చింది వేరు. ఆ పూలకుండీని గోటితో గీరెయ్యాలని చెయ్యి లేచింది. అప్పుడు నిత్య వచ్చి పక్కన నిలబడింది.

"అత్తా, అప్పా చెప్పినది విన్నా. ఆ రిపేరు వాళ్ళు పని మొదలు పెట్టేదానికి ముందు ఒక ఫోటో పంపినారు. నా ఫోన్‌లో ఉండాది. కావాల్నా?"

చూపించింది. పొగ పట్టిన పటం, మసక వెలుతురు. ఆ పిల్ల రెండు వేళ్ళతో మూలను పెద్దది చేసింది. వేపపుల్ల కనబడింది. ఆ పెదవి కనబడింది, పక్కకు పోయి, నవ్వు ఆపుకుంటూ.

"నీ మూతి మాదిరే ఉండాదే అత్తా!" అంది నిత్య.

సీనన్న వెనక నుంచి, "పంపితే పంపు గానీ, గ్రూపులో పెట్టొద్దమ్మా!" అన్నాడు.

మరునాడు ధర్మపురి బస్టాండు దగ్గర ఫోటోలు వేసే అంగడికి పోయాను. కంప్యూటరు ముందు కూర్చున్న ఆమె నా కథ కొంచెం విని, జాలిపడి, ముసలాయనను తీసేసి అమ్మను మాత్రం పెద్దగా వేసి ఇస్తానంది. కోటు, కుర్చీ, స్తంభం అన్నీ మాయం చేయొచ్చట, ఒక్క నిమిషం పనట. నేను వద్దన్నాను. మనుషులను తుడిపే పని మా వాళ్ళు తరతరాలుగా చేస్తున్నారు, అందులో నేను చేరను. చట్రం మాత్రం అమ్మ ముఖం నడిమికి వచ్చేలా కట్టమన్నాను. తాత ఒక పక్కకు వచ్చాడు. ఒక మోకాలు, బూటు, చేతికర్ర చట్రం బయటికి పోయాయి. కింద తెలుగులో నా చేత్తో నాగమ్మ అని రాశాను.

ఇప్పుడది నేనుండే గదిలో, పుస్తకాల పైన ఉంది. నిన్న పక్కింటి అలమేలు పిండి అడగడానికి వచ్చి దాన్ని చూసింది. "ఇది మీ అమ్మ, చూస్తూనే తెలుస్తా ఉండాది," అంది. తరవాత వేలు చూపించి, "ఈ మూలన కోటు వేసుకుని కూచున్నాయన ఎవురక్కా?" అని అడిగింది.

"ఎవురో తెలీదు," అన్నాను. "మా అమ్మను నీళ్ళడగను వచ్చినాడు."